వెనక నుంచి వేసే రంగు

మాది బొమ్మలకి వెనక నుంచి రంగు వేసే పని.
గాజులాంటి షీటు మీద ముందువైపు గీత,
వెనకవైపు మేము.
ఆమె ముఖాన్ని నేనెప్పుడూ తిరగేసే చూశాను.
సినిమాలో ఎడమ చెంప మీదున్న పుట్టుమచ్చ
నాకు మాత్రం కుడి చెంప మీద.

నెరిమాలో, సైకిళ్ల షాపు పైన, రెండో అంతస్తు.
పదకొండేళ్లుగా ఇదే కుర్చీ.
చలికాలం రంగు గడ్డకడితే
సీసాని చంకలో పెట్టుకుని కాసేపు పొదుగుతాం.

ఈ సినిమాలో అమ్మాయి
ఊళ్లోవాళ్ల నిద్రల్లోకి దిగుతుంది.
దిగిన ప్రతిసారీ
తనలో ఒకతెను అక్కడే మర్చిపోయి వస్తుంది.
బ్యాంకు గుమాస్తా కలలో స్క్విడ్లు ఎండబెడుతూ ఒకతె,
పసివాడి జ్వరంలో మెడ సాగిన జిరాఫీ అయి ఒకతె,
ఒక ముసలావిడ కునుకులో
ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చుని ఇంకొకతె.
చివరికి ఇంటికొచ్చి తలుపు తట్టేది ఎవరో
తలుపు తీసేది ఎవరో
డైరెక్టరుకే తెలీదని చెప్పుకుంటారు.

మాకు తెలుసు. మా దగ్గర నంబర్లున్నాయి.
మెలకువలో ఉన్నామె చర్మానికి పదిహేడు.
కలలో ఉన్నామెకి పదిహేడు-బి,
ఒక్క చుక్క నీలం ఎక్కువ.
ట్యూబులైటు కింద రెండూ ఒకలాగే ఉంటాయి.
తెల్లవారుజామున నాలుగింటికైతే
ఒకటే.

గడువుకి ముందు వారం ఎవరం ఇళ్లకి వెళ్లలేదు.
బల్లల కింద పడుకున్నాం, కాళ్లు మాత్రం బయటికి.
ఎవరు ఎక్కడో సాక్సులు చూసి పోల్చుకోవడమే.
ఒకసారి నీళ్లకని లేస్తే
ఎదురు బల్ల కింద
నా పసుపుచారల సాక్సులు నిద్రపోతున్నాయి.
లేపలేదు.
పాపం, అలిసిపోయి ఉంటుంది.

ఆ రాత్రే కట్టలో ముప్పై ఎనిమిదో షీటు దొరికింది.
టైమింగ్ కాగితంలో ముప్పై ఏడు తర్వాత ముప్పై తొమ్మిది.
ముప్పై ఏడులో ఆమె కిటికీలోంచి వాన చూస్తోంది.
ముప్పై తొమ్మిదిలోనూ వానే.
మధ్యలో ఇందులో
నన్ను చూస్తోంది.
హాల్లో కూర్చునేవాళ్లని కాదు. వెనక్కి. నన్ను.
నేను చూస్తుంటే
పుట్టుమచ్చ ఎడమ చెంప మీదే ఉంది.

గీత ఎవరిదో కనుక్కుందామని పైకి వెళ్లాను.
ఇగరషి గారు చెవిమీద పెన్సిలు తీసి
షీటుని దీపానికి పట్టి, "మావాళ్ల చెయ్యి కాదిది" అన్నారు.
తర్వాత నా ముఖంలోకి చూసి,
"అయినా హిసానో గారూ,
ఇందాకే కదా వచ్చి ఇదే అడిగి వెళ్లారు?"
"అడిగి, ఏమన్నాను?"
"రంగు వేసేస్తానన్నారు."

కిందికి వచ్చేసరికి
టైమింగ్ కాగితంలో ముప్పై ఎనిమిది అని
ఇరికించి రాసి ఉంది.
ఎనిమిది కింది సున్నా పూర్తిగా మూసుకోదు నా దస్తూరీలో.
ఇక్కడా మూసుకోలేదు.

రెండు సీసాలూ ఎదురుగా పెట్టుకుని
చాలాసేపు కూర్చున్నాను.
ఈమె కలదా?
కలా?
బ్రష్షు ఏ సీసాలో ముంచానో చెప్పను.
తనిఖీ చేసే అమ్మాయి అడగలేదు కూడా.

నకానోలో చిన్న హాలు, మాకోసం వేసిన మొదటి ఆట.
ఒక షీటుకి రెండు ఫ్రేములు,
అంటే సెకనులో పన్నెండో వంతు.
కిటికీ సీను వస్తోందని తెలిసి
కళ్లు రెండూ విప్పార్చుకుని, ఊపిరి బిగబట్టి,
నీళ్లు కారుతున్నా ఆపుకుని, ఆపుకుని
సరిగ్గా అక్కడే
రెప్ప వేశాను.

పక్కసీటాయన చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.
ఆఖరి రైల్లో నిలబడే నిద్రపోయి
మా స్టేషన్‌లోనే దిగాను, ఎలా దిగానో తెలీదు.

నేను ఒంటరిగా ఉంటాను. మూడో నంబరు గది.
తాళంచెవి చేతిలోనే ఉంది.
ఎందుకైనా మంచిదని
ముందు తలుపు తట్టాను.